మత్తుగా ఉంటోందని మానేశాం

పొద్దున తొమ్మిదిన్నర. కోస్తాలో ఒక జిల్లా పెద్దాసుపత్రి, నరాల విభాగం ఓపీ. వరండాలో బెంచీలు ఎప్పుడో నిండిపోయాయి. చోటు దొరకనివాళ్లు గోడకు ఆనుకుని నిలబడ్డారు. అందరి చేతుల్లోనూ ఒక కవరు. అందులో పాత చీటీలు, సగం వాడిన మాత్రల షీట్లు, కొందరి దగ్గర రూళ్ల నోటుబుక్కులో రాసుకున్న ఫిట్స్ తేదీలు. మీరు లోపలి గది తలుపు పక్కన, పేర్లు పిలిచే అటెండరు వెనకాల నిలబడ్డారు. ఈ పూటంతా మీరిక్కడే.

మూడో బెంచీ దగ్గర ఒక అరుపు. భయపడ్డ మనిషి పెట్టే కేక కాదు. ఛాతీ కండరాలన్నీ ఒక్కసారి బిగుసుకుని, లోపలున్న గాలిని గొంతులోంచి బయటికి నెట్టేస్తే వచ్చే శబ్దం. పదిహేడేళ్ల కుర్రాడు బెంచీ మీంచి కిందికి జారాడు. ఒళ్లంతా కొయ్యబారిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి, గుడ్లు పైకి తిరిగిపోయాయి. కొన్ని క్షణాలకు కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది.

"తాళాలు! ఎవరైనా తాళాలగుత్తి చేతిలో పెట్టండయ్యా!" అని వెనకనుంచి ఎవరో. ఇంకొకాయన చెంచా కోసం అప్పుడే క్యారేజీ విప్పుతున్నాడు. సిస్టరమ్మ అందర్నీ తోసుకుంటూ వచ్చి కింద కూర్చుంటుంది. "జరగండి, గాలి రానివ్వండి. నోట్లో ఏమీ పెట్టొద్దు. కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోవద్దు." మడిచిన తువ్వాలు కుర్రాడి తల కిందికి దూర్చి, కొట్టుకోవడం కాస్త నెమ్మదించగానే ఎడమ పక్కకి తిప్పుతుంది, నురగ గొంతులోకి పోకుండా. తలెత్తి మీతో అంటుంది: "మీరు టైం చూడండి."

మీరు గడియారం చూస్తారు. అరనిమిషం. నిమిషం. పక్కన తల్లి ఏడుస్తోంది. ఇనుముతో ఫిట్స్ ఆగవు. అలా ఆగినట్టు కనిపించిన ఫిట్సన్నీ వాటంతట అవే ఆగినవి. చాలావరకు రెండు మూడు నిమిషాల్లోపే ఆగుతాయి. అయిదు నిమిషాలు దాటితే మాత్రం వాటంతట అవి ఆగుతాయని కూర్చోకూడదు. అందుకే సిస్టరు జేబులో మిడజోలమ్ స్ప్రే సిద్ధంగా ఉంది, ముక్కులో కొట్టడానికి. దాని అవసరం రాలేదు. నిమిషం నలభై సెకన్ల దగ్గర చేతులు వదులయ్యాయి. గురక పెట్టినట్టు బరువైన ఊపిరి. ప్యాంటు తడిసింది. తల్లి తన కొంగు తీసి కప్పుతుంది.

డాక్టరమ్మ బయటికి వచ్చి కుర్రాడి కళ్లలో లైటు వేసి చూసి, తల్లి పక్కనే గొంతుక్కూర్చుంటుంది.

"మాత్రలు వేస్తున్నారా అమ్మా?"

"వేస్తున్నాం మేడమ్." కాసేపాగి, నేలచూపులతో: "మత్తుగా ఉంటోందని మానేశాం. ఇంటర్ పరీక్షలు కదా. పుస్తకం పడితే చాలు కునుకు. నాలుగు రోజులేగా అనుకున్నాం."

మందు పనిచేయలేదని ఎవరూ మానలేదు. పనిచేస్తూనే ఇంకేదో కూడా చేస్తోంది. ఆ ఇంకేదో గురించి ఆ ఇంట్లో మాట్లాడుకున్నారు, ఇరుగుపొరుగుతో మాట్లాడారు, ఈ గదిలో మాత్రం మాట్లాడలేదు. అడిగినవాళ్లు లేరు, చెప్పాలని వీళ్లకు తోచలేదు. ఈ పూట మీరు చూడబోయే కష్టాల్లో చాలావాటికి మూలం ఈ మౌనమే.

డాక్టరమ్మ కోప్పడదు. "ముందు వీడి సంగతి చూద్దాం. తర్వాత ఆ మత్తు సంగతి కూడా చూద్దాం," అంటుంది.

పక్క గదిలో మంచం. నాలుగు రోజులుగా మాత్ర పడక, కుర్రాడి రక్తంలో అతను వాడే ఫిట్స్ మందు ఫెనిటోయిన్ అడుగంటింది. నోటిద్వారా వేస్తే మెదడుకు చాలినంత చేరేసరికి గంటలు పడుతుంది, అందుకని నరం ద్వారా ఇస్తున్నారు. ఉప్పు సెలైన్‌లోనే కలుపుతారు. గ్లూకోజులో కలిపితే మందు పలుకులు కట్టేస్తుంది. నిమిషానికి 50 మిల్లీగ్రాములు దాటనివ్వరు. వేగం ఎక్కువైతే బీపీ పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది. మానిటర్ మీద పచ్చగీత పరుగు మీద సిస్టరు ఒక కన్నేసి ఉంచుతుంది.

ఇప్పుడు ఆ మందుతోపాటు మీరూ లోపలికి వెళ్లండి. మోచేతి నరంలోంచి గుండెకు, ఊపిరితిత్తులకు, మళ్లీ గుండెకు, అక్కడినుంచి మెడ గుండా పైకి. పది అణువుల్లో తొమ్మిది దారిలోనే రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీనుకు అతుక్కుపోతాయి. మిగిలిన ఒక్కటే పని చేసే మందు. తిండి సరిగా లేక ఆల్బుమిన్ తగ్గిన ముసలివాళ్లలో ఈ అతుక్కునేవి తగ్గి, విడిగా తిరిగేవి పెరుగుతాయి. మోతాదు మారకపోయినా మందు ఎక్కువైనట్టు తూలుతారు.

మెదడు రక్తనాళం గోడ దాటి మీరు ఒక కణం పొర దగ్గర ఆగారు. ఆ పొర నిండా సోడియం మాత్రమే దూరగల సన్నని ద్వారాలు. ఒక్కో ద్వారానికి మూడు స్థితులు. మూసుకుని సిద్ధంగా ఉండటం ఒకటి. సంకేతం రాగానే తెరుచుకుని, ఒక మిల్లీసెకను పాటు సోడియాన్ని లోపలికి వదలడం రెండోది. ఆ వెంటనే తనంతట తాను బిగుసుకుపోయి, ఎంత సంకేతం వచ్చినా పలకకుండా ఉండటం మూడోది. ఆ బిగువు కొన్ని మిల్లీసెకన్లే. తర్వాత మళ్లీ మొదటికి వస్తుంది. మీరు ఆలోచించినా, చెయ్యి కదిపినా, అమ్మ మొహం గుర్తుపట్టినా లక్షల కణాల్లో ఈ మూడు స్థితులు ఒకదాని వెంట ఒకటి తిరుగుతుంటాయి.

ఇందాక వరండాలో కుర్రాడి తలలో వేల వేల కణాలు ఒకే తాళంలో, ఆగకుండా, సెకనుకు వందల సార్లు పేలాయి. అంత వేగంగా పేలే కణం మీద ద్వారాలు ఎక్కువసేపు ఆ మూడో స్థితిలోనే దొరుకుతాయి. ఫెనిటోయిన్ సరిగ్గా ఆ స్థితికే అతుక్కుంటుంది, ద్వారం మళ్లీ సిద్ధం కావడాన్ని ఆలస్యం చేస్తుంది. నిదానంగా పనిచేసుకునే కణం జోలికి అంతగా పోదు, ఎందుకంటే అక్కడ మూడో స్థితి దానికి అందేలోపే గడిచిపోతుంది. ఫిట్స్‌కు రాసే మరో రెండు మందులు, కార్బమజెపిన్, లామోట్రిజిన్ పట్టుకునేది కూడా ఈ ద్వారాన్నే.

మందు తెలివైనదని చెప్పను. దానికి జబ్బు ఏదో, మనిషి ఏదో తెలియదు, వేగం ఒక్కటే తెలుసు. చిన్నమెదడులో నడకనూ చూపునూ సరిచూసే కణాలు ఆరోగ్యవంతుడిలోనూ గబగబా పనిచేస్తుంటాయి. మోతాదు ఎక్కువైతే మందు వాటినీ పట్టుకుంటుంది. ఫిట్స్ ఆపేదీ తూలేలా చేసేదీ ఒకే అణువు, చాలాసార్లు ఒకే పని. "సైడ్ ఎఫెక్ట్ లేని మందు రాయండి" అని అడిగేవాళ్లకు డాక్టరు నిజాయితీగా చెప్పగలిగింది ఇదే: ఎంతలో పని అవుతుందో, ఎంతకు మించితే ఇబ్బందో వెతుకుదాం, మీరు చెబుతూ ఉంటేనే ఆ వెతుకులాట కుదురుతుంది.

బయటికి రండి. అటెండరు తర్వాతి పేరు పిలిచాడు.

యాభై దాటిన రైతు. గుమ్మం పట్టుకుని లోపలికి వస్తాడు. కాళ్లు ఎడంగా వేస్తూ, పడవ మీద నడిచినవాడిలా ఊగుతూ కుర్చీ అంచు పట్టుకుని కూర్చుంటాడు. కొడుకు చెబుతాడు: "పొద్దున్నే తాగొచ్చాడని ఊళ్లో నవ్వుతున్నారు మేడమ్. నాన్న చుక్క ముట్టడు."

"బాబాయ్, ఈ పెన్ను చూడు. తల కదపకు. కళ్లతోనే." పెన్ను కుడివైపు వెళుతుంది. మీరు దగ్గరికి వంగి చూడండి. ఆయన కంటిపాప పెన్ను వెంట చివరిదాకా పోయి అక్కడ నిలబడలేక వెనక్కి జారి, మళ్లీ ఎగిరి, మళ్లీ జారుతోంది. టకటకా అదే పని. చిన్నమెదడు పట్టు తప్పిందని కన్ను చెబుతోంది. మందు ఎక్కువైందనడానికి రక్తపరీక్ష కంటే ముందు దొరికే సాక్ష్యం ఇది.

"నోరు తెరువు బాబాయ్." చిగుళ్లు ఉబ్బి, ముద్దలు కట్టి, ముందరిపళ్లను సగందాకా కప్పేశాయి. ముట్టుకుంటే నెత్తురు. ఫెనిటోయిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో చాలామందికి ఇది వస్తుంది. రోజుకు రెండుసార్లు శుభ్రంగా పళ్లు తోముకునేవాళ్లలో తక్కువ. ఈ మాట ఆయనకు చెప్పినవాళ్లు లేరు, పళ్ల డాక్టరుకేమో ఫిట్స్ మాత్రల సంగతి తెలియదు.

లెక్క తీస్తే తేలింది. ఆయన రోజుకు మూడు మాత్రలు వేసేవాడు, 300 మిల్లీగ్రాములు. నెల కిందట ఒకసారి ఫిట్స్ వచ్చాయని ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంకొకటి కలిపాడు. మూడు నాలుగయ్యాయి, అంతే. "ఒక్క మాత్రకే ఇంత అవుతుందా?" కొడుకు నమ్మలేకపోతున్నాడు.

ఫెనిటోయిన్ దగ్గర అవుతుంది. సంక్రాంతికి ముందు పంతంగి టోల్‌గేటు దగ్గర ఇరుక్కున్నవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మామూలు రోజుల్లో కార్లు పెరిగినా గేట్లు లాగించేస్తాయి. ఒకసారి గేట్లన్నీ నిండిపోయాక మాత్రం, గంటకు కొన్ని కార్లు అదనంగా వచ్చినా చాలు, వరుస కిలోమీటర్లకు పెరుగుతుంది. ఫెనిటోయిన్‌ను విరగ్గొట్టే కాలేయపు ఎంజైములు కూడా అంతే, మామూలు మోతాదులోనే దాదాపు నిండిపోయి ఉంటాయి. ఆపైన వేసే కొంచెం మందు రక్తంలో పేరుకుంటూ పోతుంది. మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాముల మధ్య ఉండాల్సింది, మూడోవంతు మోతాదు పెంచితే రెట్టింపు కావచ్చు. వేరే ఫిట్స్ మందులు చాలావాటిలో ఇలా ఉండదు. పెంచితే పెంచినంతే పెరుగుతుంది. అందుకే ఫెనిటోయిన్ మోతాదును అనుభవమున్న డాక్టర్లు పావు మాత్ర, అర మాత్ర చొప్పున కదుపుతారు.

దీనికి ఒక ఊరంతా సాక్ష్యం చెప్పిన రోజులున్నాయి. 1968లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో, ఏళ్లుగా నిమ్మళంగా ఉన్న రోగులు ఒక్కసారిగా తూలడం మొదలుపెట్టారు. మోతాదు మారలేదు. మందూ మారలేదు. క్యాప్సూల్ గొట్టంలో మందుతోపాటు నింపే పొడి మారింది. అంతకుముందు కాల్షియం సల్ఫేట్ ఉండేది, దాని బదులు లాక్టోజ్ వేశారు. పాత పొడి మందును పేగుల్లో కొంత ఆపేసేది, కొత్తది ఆపలేదు. అంత చిన్న తేడాకే అందరి రక్తంలోనూ ఫెనిటోయిన్ పొంగింది. మందులషాపులో "అదే మందు, కంపెనీ వేరు" అని ఇంకో షీటు చేతిలో పెట్టినప్పుడు ఫిట్స్ రోగి ఒక్క నిమిషం ఆగి డాక్టరుకు ఫోన్ చేయాలనేది ఇందుకే. ఈ జాగ్రత్త అతి అనిపించవచ్చు. ఈ రైతు నడక చూశాక మీకు అలా అనిపించదు.

రైతుకు రెండు రోజులు మాత్ర ఆపి చేర్చుకుని చూస్తామంటారు. వార్డులో, డాక్టర్ల కళ్లెదుట ఆపడం వేరు, ఇంట్లో మానేయడం వేరు.

తర్వాత తల్లీ కూతురూ. కూతురికి ఇరవై మూడు. బీఈడీ అయింది. మాట్లాడేదంతా తల్లే: "జుట్టు చేతికి ఊడొస్తోంది మేడమ్. ఎన్ని నూనెలు మార్చినా ఆగట్లేదు. ఒళ్లు కూడా వచ్చేసింది, తిండి చూస్తే ఏమీ తినదు." అమ్మాయి చేతివేళ్లు సన్నగా వణుకుతున్నాయి. పదిహేనో ఏట పొద్దున్నే కాఫీ గ్లాసు చేతిలోంచి ఎగిరిపడటంతో మొదలైన జబ్బు. నిద్ర లేచిన గంటలో చేతులు ఉలిక్కిపడటం, ఆపైన ఒకరోజు పెద్ద ఫిట్స్. ఈ రకానికి ఆమె వాడుతున్న వాల్‌ప్రోయేట్ గొప్పగా పనిచేస్తుంది. ఇందాకటి ఫెనిటోయిన్ గానీ కార్బమజెపిన్ గానీ ఇస్తే ఆ ఉలికిపాట్లు పెరగొచ్చు కూడా. ఫిట్స్ అన్నీ ఒకటి కావు, మాత్రలూ ఒకటి కావు. పక్కింటాయనకు పడిన మందు మనకు పడాలని లేదు.

వాల్‌ప్రోయేట్ పుట్టుక విచిత్రమైనది. 1882లో తయారైన ఈ ద్రవాన్ని ఎనభై ఏళ్లపాటు వేరే వస్తువులు కరిగించడానికి వాడుకున్నారు. 1960ల మొదట్లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో పియేర్ ఎమార్ అనే యువకుడు కొత్త పదార్థాలను అందులో కరిగించి పరీక్షలకు పెట్టాడు. దేన్ని కరిగించినా జంతువులకు ఫిట్స్ ఆగాయి. ఆపుతున్నది కరిగినవి కాదు, కరిగించిన ద్రవమే. అది సోడియం ద్వారాలనూ పట్టుకుంటుంది, కణాలను శాంతపరిచే గాబా అనే రసాయనాన్నీ పెంచుతుంది, ఇంకా కొన్ని పనులూ చేస్తుంది. ఒకటికి నాలుగు పనులు చేసే మందు కాబట్టి ఎన్నో రకాల ఫిట్స్‌కు పనికొస్తుంది. శరీరంలో అన్నిచోట్లా చెయ్యి పెట్టేదీ అందుకే కావచ్చు: బరువు, జుట్టు, వణుకు, నెలసరి తప్పడం, అరుదుగా కాలేయం దెబ్బతినడం.

"అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి," అంటుంది డాక్టరమ్మ. తలుపు మూసుకుంటుంది. అమ్మాయి గొంతు ఇప్పుడు లేస్తుంది.

"పెళ్లి కుదిరింది మేడమ్. వాళ్లకు ఇంకా చెప్పలేదు. చెబితే చట్టం ప్రకారం చెల్లదంటగా?"

"ఆ మాట చట్టంలో ఉండేది. 1999లో తీసేశారు. ఫిట్స్ ఉంటే పెళ్లి చెల్లదనే మాట ఇప్పుడు హిందూ వివాహ చట్టంలో లేదు. చెప్పాలా వద్దా అంటే నా సలహా చెప్పమనే. దాచిపెట్టి మాత్ర వేసుకోలేవు, వేసుకోకపోతే మొదటి నెలలోనే పడిపోతావు. కానీ అంతకంటే ముందు మనం మాట్లాడుకోవాల్సింది ఇంకొకటుంది."

ఆ తర్వాతి పదినిమిషాలు ఈ పూటకంతటికీ ముఖ్యమైనవని నేననుకుంటాను. గర్భంతో ఉండగా వాల్‌ప్రోయేట్ వాడిన తల్లుల పిల్లల్లో నూటికి దాదాపు పదిమందికి పుట్టుకతో అవయవ లోపాలు వస్తాయి. మామూలుగా ఈ లెక్క రెండు మూడు. వెన్నుపూస మూసుకోకపోవడం వాటిలో ఒకటి, అది గర్భం వచ్చిందని తెలిసేలోపే జరిగిపోతుంది. పుట్టాక మాటా చదువూ వెనకబడేవాళ్లు నూటికి 30 నుంచి 40 మంది. పెళ్లీడు ఆడపిల్లకు ఈ మాత్ర రాసేముందు ఈ అంకెలు ఆమెకు చెప్పి తీరాలి. ఈ అమ్మాయి ఎనిమిదేళ్లుగా వాడుతోంది. ఇవాళే వింటోంది.

"అయితే ఇప్పుడే ఆపేస్తాను మేడమ్."

"అదొక్కటి చేయకు." డాక్టరమ్మ కుర్చీ ముందుకు లాక్కుంటుంది. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వరసపెట్టి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అందుకని ముందు లెవెటిరాసెటమ్ అనే వేరే మందు మొదలుపెట్టి, అది నిలదొక్కుకున్నాక వాల్‌ప్రోయేట్‌ను వారాల మీద దించుతారు. రోజుకు 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇప్పట్నుంచే. ఫోలిక్ యాసిడ్ వేస్తున్నాం కదా అని వాల్‌ప్రోయేట్ ప్రమాదం పోయిందనుకోకూడదని విడిగా చెబుతుంది. మందు మార్పు పూర్తయి కొన్ని నెలలు గడిచేదాకా గర్భం రాకుండా చూసుకోమంటుంది. చీటీ మీద ఏ వారం ఏ మాత్ర ఎంత అని గళ్లు గీసి తెలుగులో రాస్తుంది. తల్లిని మళ్లీ పిలుస్తారు. ఆ కాగితం అమ్మాయి చేతికే ఇస్తారు.

లెవెటిరాసెటమ్ దారి వేరు. అది సోడియం ద్వారాల దగ్గరికి పోదు. ఒక కణం ఇంకో కణానికి సంకేతం పంపేటప్పుడు రసాయనం నింపిన చిన్న సంచులు కణం చివర పగిలి ఒలుకుతాయి. ఆ సంచుల గోడ మీద ఎస్‌వీ2ఏ అనే ప్రొటీను ఉంటుంది. మందు దాన్ని పట్టుకుని, సంచులు మితిమీరి ఒలకకుండా చేస్తుంది. కాలేయం మీద పెద్దగా భారం వేయదు, చాలావరకు మూత్రంలో పోతుంది, వేరే మందులతో గొడవ పడదు. 1999లో అమెరికాలో అనుమతి వచ్చాక ఇది ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు మన ఊళ్లలో కూడా మొదటి ఫిట్స్‌కే రాసేస్తున్నారు. గొడవలేని మందని పేరు.

ఆ పేరు పూర్తిగా నిజం కాదని తర్వాత వచ్చిన భార్యాభర్తలు చెబుతారు. చెప్పేది భార్యే. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఫిట్స్ లేవు మేడమ్, ఆరునెలలైంది. కానీ ఈయన మా ఆయన కాదు." ఆమె గొంతు వణుకుతుంది. "పదేళ్లలో నన్నొక మాట అనలేదు. ఇప్పుడు అన్నంలో ఉప్పు తగ్గితే కంచం విసిరేస్తాడు. పిల్లలు ఆయన బండి చప్పుడు వింటే లోపలికి పోతున్నారు. మా అత్తగారు దిష్టి తీయించింది. గాలి సోకిందంటున్నారు."

"గాలి కాదమ్మా. మాత్ర." ఒక్కసారిగా గదిలో బరువు దిగిపోయినట్టుంటుంది. భర్త మొదటిసారి తల తిప్పి చూస్తాడు. లెవెటిరాసెటమ్ వాడే కొందరిలో చిరాకు, కోపం, దిగులు వస్తాయి. కొద్దిమందిలో చచ్చిపోవాలన్న ఆలోచన దాకా పోతుంది. మింగేవాడికి తన కోపం న్యాయంగానే కనిపిస్తుంది కాబట్టి వాడు చెప్పడు, ఇంట్లోవాళ్లే చెప్పాలి. డాక్టరమ్మ ఆయన్నే సూటిగా అడుగుతుంది, నిద్ర పడుతోందా, బతుకు మీద విసుగొస్తోందా అని. చాలాసేపటికి ఆయన తలూపుతాడు. మందు మార్చాలని నిర్ణయమైపోయింది, మెల్లమెల్లగా, లామోట్రిజిన్ వైపు. అది చాలా తక్కువతో మొదలై వారాల తరబడి ఎక్కాల్సిన మందు. తొందరపడితే ఒంటి మీద దద్దుర్లు లేస్తాయి, వాల్‌ప్రోయేట్ కూడా వాడుతుంటే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

దద్దుర్లంటే గుర్తొచ్చింది, ఇది గుమ్మం బయట నిలబడ్డవాళ్లందరికీ వినపడేలా చెప్పాల్సిన మాట. కొత్తగా కార్బమజెపిన్, ఫెనిటోయిన్, లామోట్రిజిన్, ఫినోబార్బిటోన్ మొదలుపెట్టిన మొదటి రెండు నెలల్లో జ్వరంతో దద్దుర్లు వచ్చినా, పెదాలూ నోరూ పుళ్లు పడినా, కళ్లు ఎర్రబడినా, చర్మం పొక్కినా మాత్ర ఆపి అదే రోజు పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. ఆటలమ్మ అని వేపాకు మీద పడుకోబెట్టి రెండు రోజులు చూస్తే చర్మం ఊడిపోయే దశకు వస్తుంది. ఫిట్స్ మాత్రను ఎవరినీ అడగకుండా ఆపాల్సిన సందర్భం ఇదొక్కటే. కార్బమజెపిన్‌తో ఈ ప్రమాదం హెచ్‌ఎల్‌ఏ-బి 1502 అనే జన్యువు ఉన్నవాళ్లలో ఎక్కువని తైవాన్ పరిశోధకులు 2004లో కనిపెట్టారు. ఆ జన్యువు తూర్పు ఆసియా వాళ్లలోనే కాదు, భారతీయుల్లోనూ కొందరిలో ఉంది.

పన్నెండు దాటింది. పేషెంట్లు గబగబా కదులుతున్నారు. టోపిరమేట్ వాడే పిల్లవాడికి చెమట పట్టడం తగ్గింది, మే నెల ఎండలో ఒళ్లు కాలిపోతోంటే జ్వరమనుకుని మాత్రలు వేస్తున్నారు. మాలా-డి గర్భనిరోధక మాత్రలు వేసుకుంటూనే గర్భం దాల్చిన ఒకామె. కార్బమజెపిన్ కాలేయాన్ని ఉసిగొల్పి ఆ మాత్రను ముందే విరగ్గొట్టేసిందని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

ఒక ముసలామె మాత్రం తీరిగ్గా కూర్చుంటుంది. ముప్పై ఏళ్లుగా గార్డినాల్, రాత్రిపూట ఒక్క మాత్ర. అదే ఫినోబార్బిటోన్. 1912లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఆల్‌ఫ్రెడ్ హాప్ట్‌మన్ అనే కుర్ర డాక్టరు తన వార్డులో రోగులకు నిద్ర కోసం ఇచ్చి చూస్తే, నిద్రతోపాటు ఫిట్స్ తగ్గాయి. గాబా వచ్చి తలుపు తట్టినప్పుడు తెరుచుకునే క్లోరైడు ద్వారాన్ని ఇది ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. కణం సద్దుమణుగుతుంది, మనిషి కూడా కాస్త మందకొడి అవుతాడు. ఎదిగే పిల్లలకు ఈ మందు ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడేది అందుకే. అయినా నూరేళ్లు దాటినా ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉంది, ఎందుకంటే అంత చవకగా అంత పనిచేసేది ఇంకొకటి లేదు. ముసలామెకు ఫిట్స్ లేవు. మోకాళ్లూ నడుమూ నొప్పులు. విటమిన్ డి పరీక్ష రాస్తారు, ఈ మందు ఏళ్ల మీద ఎముకల బలం తినేస్తుంది. మాత్ర మార్చమంటే ఆమె ఒప్పుకోదు. "ఇది నన్ను కాపాడింది తల్లీ," అంటుంది. డాక్టరమ్మ బలవంతపెట్టదు. కాల్షియం, విటమిన్ డి కలిపి పాత చీటీయే మళ్లీ రాస్తుంది.

ఆఖరి పేషెంటు టైలరు. నలభై ఏళ్లవాడు. మెదడులో పురుగు తిత్తి ఎండి సున్నం కట్టి మచ్చగా మిగిలితే దానివల్ల ఫిట్స్ వచ్చేవి. కార్బమజెపిన్ మీద మూడేళ్లుగా ఒక్కటీ రాలేదు. గ్లాస్గోలో 470 మంది కొత్త రోగుల మీద చేసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో మొదటి మందుతోనే ఫిట్స్ ఆగినవాళ్లు నూటికి 47 మంది. ఈయన ఆ అదృష్టవంతుల కోవలోవాడు. మొదటి రెండు మందులకూ లొంగనివాళ్లకు మూడోది, నాలుగోది పనిచేసే అవకాశం బాగా తగ్గిపోతుంది, అప్పుడు ఆపరేషన్ సంగతి ఆలోచించడం మేలు.

"ఇంకెన్నాళ్లు మేడమ్? మూడేళ్లయింది కదా, ఆపేయొచ్చా?"

"ఆపి చూడొచ్చు. మెల్లగా, నెలల మీద. కానీ మచ్చ అలాగే ఉంది. అది ఉన్నవాళ్లకు ఆపాక మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. మందు ఫిట్స్‌ను ఆపుతుందే గానీ మచ్చను మాన్పదు. నిర్ణయం మీది. ఒకసారి వచ్చినా పర్వాలేదు అనుకుంటారా?"

టైలరు ఆలోచిస్తాడు. షాపులో మిషన్, వేడి ఇస్త్రీపెట్టె, పెళ్లిళ్ల సీజను. "వద్దు మేడమ్. వేసుకుంటాను." లేవబోయి మళ్లీ కూర్చుంటాడు. "కానీ ఒకటి. పొద్దున మాత్ర వేసిన గంటన్నరకి సూదిలో దారం ఎక్కదు. రెండు సూదులు కనిపిస్తాయి. పదకొండు దాటాక బాగుంటుంది. ఇన్నాళ్లూ కళ్లజోడు సంగతనుకున్నాను. రెండుసార్లు అద్దాలు మార్పించాను."

"మూడేళ్లుగానా? ఎప్పుడూ చెప్పలేదే?"

"ఫిట్స్ గురించే అడిగారు కదండీ."

డాక్టరమ్మ పెన్ను ఆగుతుంది. మాత్ర వేసిన కొన్ని గంటల్లో మందు రక్తంలో శిఖరానికి చేరుతుంది, అప్పుడే చూపు రెండుగా చీలుతుంది, దిగగానే సర్దుకుంటుంది. మోతాదు తగ్గించనక్కర్లేదు. అదే మందు మెల్లగా విడుదలయ్యే రకంలో దొరుకుతుంది, రోజుకు రెండుసార్లు, నమలకుండా మింగాలి. ఆమె పాత పేరు కొట్టేసి కొత్తది రాస్తుంది. చీటీ అటు తిప్పి చూపిస్తుంది.

"పదిహేను రోజులయ్యాక రండి. దారం ఎక్కుతోందో లేదో చెప్పండి."